తాకట్టు ధరే అసలు ధర

రిజర్వు బ్యాంకు బంగారం విలువ పెరిగిందని పత్రికలో వార్త పడినప్పుడల్లా మా ఉదయపు నడక బృందంలో ఒక ప్రతిపాదన లేస్తుంది. లేపేది ఎప్పుడూ ఒకే మిత్రుడు. "ఎనిమిది వందల ఎనభై టన్నులండీ! కొన్నప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత! ఆ పెరిగినదాంట్లో పదో వంతు ఇటు మళ్లిస్తే అప్పు చేయకుండానే అమరావతి లేచి నిలబడదూ?" అంటాడు. విజయవాడలో ఏ లెక్కైనా చివరికి అమరావతి దగ్గరే తేలుతుంది కాబట్టి తక్కినవాళ్లు టీ తాగుతూ తల ఊపుతారు.

నేను ఊపను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గుంటూరు వైపు ఒక బ్యాంకులో బంగారు రుణాల కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. అక్కడ కూర్చుంటే ఒక సంగతి ఒంటబడుతుంది. పుస్తకాల్లో రాసుకునే ధర వేరు, అమ్మితే వచ్చే ధర వేరు, కుదువ పెడితే చేతికందేది వేరు. ప్రభుత్వాల బంగారం విషయంలో నేను నమ్మేది మూడోదాన్నే. మొదటిది చట్టం రాసినవాళ్ల ఇష్టం. రెండోది అమ్మబోయేదాకా నిలిచే ధర.

మొదటిది ఎంత ఇష్టారాజ్యమో అమెరికాను చూస్తే తెలుస్తుంది. ప్రపంచంలో ఏ ప్రభుత్వం దగ్గరా లేనంత బంగారం, 8,133 టన్నులు, ఆ ఖజానాలో ఉంది. సగానికి పైగా ఒక్క ఫోర్ట్ నాక్స్‌లోనే. దాని ధర ఔన్సుకు (31.1 గ్రాములు) 42.22 డాలర్లని 1973లో చట్టం చేశారు. ఇప్పటికీ అదే. 2025 అక్టోబరులో బజారులో ఔన్సు 4,000 డాలర్లు దాటినప్పుడు కూడా ఆ ఖజానా లెక్కల్లో మొత్తం బంగారం విలువ సుమారు 1,100 కోట్ల డాలర్లే. బజారు ధర కడితే లక్ష కోట్ల డాలర్ల పైమాట. ఒకే బంగారం, ఒకే తాళాల గుత్తి, ఇంత తేడా.

అంతకుముందు అదే దేశం ఇంకో విద్య చూపించింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రజల దగ్గరున్న బంగారాన్ని ఔన్సు 20.67 డాలర్ల చొప్పున అప్పగించమంది. అప్పగించాక, 1934 జనవరిలో ఔన్సు ధర 35 డాలర్లని ప్రకటించింది. ఆ తేడాలోంచి 200 కోట్ల డాలర్లు తీసి మారకపు ధరను నిలబెట్టడానికి ఒక నిధి పెట్టింది. కొత్తగా ఒక గని తవ్వలేదు, ఒక కడ్డీ కరిగించలేదు. ఈ పని మా వన్‌టౌన్‌లో ఒక వ్యాపారి చేసి ఉంటే దానికి జనం పెట్టే పేరు వేరుగా ఉండేది.

మనమేమీ తక్కువ తినలేదు. 1990 అక్టోబరు మధ్యదాకా రిజర్వు బ్యాంకు తన బంగారాన్ని పది గ్రాములు 84 రూపాయల 39 పైసల చొప్పున లెక్క కట్టుకుంది. ఈ అంకె ఎక్కడిదో గుణించి చూస్తే దొరుకుతుంది: ఔన్సు 35 డాలర్లు, డాలరు ఏడున్నర రూపాయలు. 35 డాలర్ల ముడిని 1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తెంపేశాడు. డాలరు ఏడున్నర దాటి ఎటో పోయింది. రెండూ పోయాక కూడా వాటి గుణకారఫలం మన పుస్తకాల్లో దాదాపు ఇరవై ఏళ్లు బతికింది. చివరికి చట్టం మార్చి, అంతర్జాతీయ ధరకు దగ్గరగా లెక్కకట్టడం మొదలుపెట్టారు. 1990 మార్చిలో 281 కోట్ల రూపాయలున్న బంగారం 1991 మార్చికి 6,828 కోట్లయింది. బరువులో మార్పు నామమాత్రం.

ఇంతకన్నా విడ్డూరమైనది ఇంకొకటి చట్టంలో ఇప్పటికీ ఉంది. దేశంలో తిరిగే నోట్లకు వెన్నుదన్నుగా రిజర్వు బ్యాంకు దగ్గర కనీసం 115 కోట్ల రూపాయల బంగారం ఉండాలని 1956లో రాసుకున్నారు. అప్పటి అధికార ధర తులం (11.66 గ్రాములు) 62 రూపాయల 50 పైసలు. ఆ ధరకు 115 కోట్లంటే 214 టన్నుల పైన, అంటే అప్పట్లో బ్యాంకు దగ్గరున్న బంగారమంతా ఇంచుమించు దానికే సరి. ఇప్పుడు? 2025 అక్టోబరులో లాగా పది గ్రాములు లక్షా ఇరవై వేలనుకుంటే 96 కిలోలు. పన్నెండున్నర కిలోల కడ్డీలు ఎనిమిది. బందరు రోడ్డు మీద ఒక మాదిరి నగల దుకాణం కూడా ఆ షరతును పూర్తి చేయగలదు. చట్టం రూపాయల్లో రాశారు గానీ టన్నుల్లో రాయలేదు. రూపాయి కరిగిపోయింది, చట్టం అలాగే నిలిచింది.

ఇక మూడో ధర సంగతి. 1991లో దిగుమతులకు డాలర్లు లేని స్థితి వచ్చినప్పుడు ముందుగా మే నెలలో, దొంగ రవాణాలో పట్టుబడిన బంగారంలోంచి 20 టన్నుల్ని తిరిగి కొనుక్కునే షరతు మీద స్విట్జర్లాండ్‌లోని ఒక బ్యాంకుకు స్టేట్ బ్యాంకు ద్వారా అమ్మారు. జులైలో రిజర్వు బ్యాంకు తన సొంత బంగారం 46.91 టన్నుల్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టి 40.5 కోట్ల డాలర్లు తెచ్చింది. ఇంతవరకు అందరూ చెప్పుకొనేదే. ఎవరూ చేయని భాగహారం ఒకటుంది. 46.91 టన్నులంటే దాదాపు 15 లక్షల ఔన్సులు. ఔన్సుకు వచ్చిన అప్పు 268 డాలర్లు. ఆనాటి బజారు ధర 360 డాలర్ల పైచిలుకు. నూటికి డెబ్బై మూడో డెబ్బై నాలుగో.

ఆ అంకె చూసి నాకు నవ్వొచ్చింది. గుంటూరు బ్యాంకులో మేం పెదనందిపాడు రైతుకు, ప్రత్తిపాడు రైతుకు ఇచ్చిందీ అంతే: విలువలో ముప్పాతిక. ఇంతటి గణతంత్ర రాజ్యాన్నీ లండన్‌లో మా కౌంటరు ముందు నిలబెట్టినట్టే నిలబెట్టారు. పైగా, సరుకు చేతికందాకే డబ్బు. మన ఖజానాలో ఉందంటే వాళ్లు ఒప్పుకోలేదు. కడ్డీలు విమానమెక్కి లండన్ వెళ్లాయి.

మా కౌంటరు దగ్గర జరిగే తంతు తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఒకావిడ గుడ్డసంచిలోంచి స్టీలు డబ్బా, డబ్బాలోంచి కాగితం పొట్లం తీసి నగలు బల్ల మీద పెడుతుంది. అప్రైజరు ఒక్కొక్కటి గీటురాయి మీద గీస్తాడు, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేస్తాడు, గీత రంగు మారుతుందా లేదా చూస్తాడు. తర్వాత తూకం. తర్వాత అసలు బాధ మొదలవుతుంది. రాళ్ల బరువు తీసెయ్యాలి. గుండ్ల లోపలి లక్క బరువు తీసెయ్యాలి. నల్లపూసలు తీసెయ్యాలి. "అదేమిటండీ, కొన్నప్పుడు వీటికి కూడా డబ్బు కట్టించుకున్నారు కదా" అని అడగని మనిషి లేదు. మజూరికి, తరుగుకు అక్కడ లెక్కే లేదు. మిగిలిన నికర తూకానికి బ్యాంకు పంపిన గ్రాము ధర, అప్పట్లో అందులో ముప్పాతిక. ఇంట్లో ఐదు లక్షల నగ అనుకున్నది కౌంటరు మీద మూడు లక్షల కాగితమవుతుంది.

కఠినంగా ఉంటుంది. కానీ ఆ మూడు లక్షలు మధ్యాహ్నానికల్లా చేతిలో పడతాయి. అందుకే అది నిజమైన అంకె అంటాను. దేశపు బంగారానికీ ఇదే పద్ధతి వర్తింపజేయాలి. ఎన్ని టన్నులు? ఎక్కడ ఉంది? కష్టకాలంలో దాని మీద ఎంత పుడుతుంది? ఈ మూడూ చాలు. 2025 మార్చి చివరికి మొత్తం దాదాపు 880 టన్నుల్లో 512 టన్నుల దాకా దేశంలోనే ఉంది. తక్కినదాంట్లో చాలా భాగం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు (బీఐఎస్)ల సంరక్షణలో ఉంది. విదేశాల నుంచి వంద టన్నులు తెచ్చారని ఆ మధ్య చాలామంది ఛాతీ విరుచుకున్నారు. నేనూ సంతోషించాను, కానీ లండన్‌లో కొంత ఉండటం అవమానమేమీ కాదు. కుదువ పెట్టే దుకాణం ఎక్కడుందో సరుకు అక్కడ కొంత ఉంటే రవాణా ఖర్చు తప్పుతుంది.

అమ్మకం ధర ఎందుకు నమ్మకూడదంటే బ్రిటన్ చూపించింది. 1999 మేలో తన బంగారంలో సగానికి పైగా అమ్ముతామని ముందే చాటింపు వేసింది. ఆ మాట వినగానే ధర దిగిపోయింది. 2002 దాకా దాదాపు 395 టన్నులు వేలం వేస్తే ఔన్సుకు సగటున 275 డాలర్లు వచ్చాయి. అమ్మబోయేవాడు ప్రభుత్వమైతే ఆ వార్తే ధరను తినేస్తుంది. 880 టన్నుల్ని నేటి ధరతో గుణించి "ఇంత ఉంది" అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

"అమ్మొద్దు. పెరిగిన విలువనే వాడుకుందాం" అంటాడు మా మిత్రుడు. ఇది వినడానికి తెలివిగా ఉంటుంది. 1997లో జర్మనీ ఆర్థిక మంత్రి థియో వైగెల్‌కూ ఇదే తోచింది. యూరోలో చేరడానికి లోటు తగ్గించి చూపాలి, కేంద్ర బ్యాంకు బంగారం ధర పెంచి రాసి ఆ తేడా ఖజానాకు తెచ్చుకుందామన్నాడు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ అడ్డం తిరిగింది, జనం బ్యాంకు వైపు నిలిచారు, ఆయన వెనక్కి తగ్గాడు. దక్షిణాఫ్రికా మాత్రం 2024లో ఆ దారి పట్టింది. బంగారం, విదేశీ మారకం మీద పేరుకున్న పునర్మూల్యాంకన లాభంలోంచి, అంటే కొత్త ధర కట్టగా కాగితం మీద తేలిన లాభంలోంచి, మూడేళ్లలో 15,000 కోట్ల ర్యాండ్లు తీసుకుంటామని బడ్జెట్టులో ప్రకటించింది.

అలా తీసుకోవడమంటే ఏమిటో విప్పి చూడాలి. బంగారం కదలదు. కేంద్ర బ్యాంకు ప్రభుత్వ ఖాతాలో కొత్త డబ్బు జమ చేస్తుంది, అంతే. నోటు అచ్చువేసి దాని మీద బంగారం బొమ్మ అతికించడం. రేపు ధర పడితే? 2011లో ఔన్సు 1,900 డాలర్లు తాకిన బంగారం 2015 డిసెంబరుకు 1,050 దగ్గరికి జారింది. ఖర్చయిన డబ్బు వెనక్కి రాదు, ఆస్తి వైపు గుంట మిగులుతుంది. మన రిజర్వు బ్యాంకు ఈ పెరుగుదలను లాభంలో కలపదు, కరెన్సీ, బంగారం పునర్మూల్యాంకన ఖాతా అని వేరే పెట్టి అందులో ఉంచుతుంది. 2019లో, రిజర్వు బ్యాంకు ఎంత నిధి అట్టేపెట్టుకోవాలో తేల్చిన బిమల్ జలాన్ కమిటీ కూడా ఆ ఖాతాను ముట్టుకోవద్దనే చెప్పింది. అదే ఏడాది కేంద్రానికి వెళ్లిన 1,76,051 కోట్లు మిగులు నుంచి, అదనంగా పక్కన పెట్టిన నిధి నుంచి వచ్చినవి. బంగారం మీది కాగితపు లాభం అందులో లేదు. ఈ గీత చెరిపేయమనేవాళ్లు ఏ పార్టీవాళ్లయినా నాకు భయం. అమరావతి నాకూ కావాలి. దానికి అప్పు చేస్తే అప్పని రాసుకుందాం.

ఇదే నోటితో మా మిత్రుడు ఇంకో మాట అంటాడు. ఇళ్లలో ఇరవై అయిదు వేల టన్నులు మూలుగుతున్నాయట, ఆడవాళ్ల బీరువాల్లో పడి ఉన్న ఆ సొమ్ము దేశానికి పనికిరాకుండా పోతోందట. ఇరవై అయిదు వేలన్నది అంచనా. పనికిరాకుండా పడి ఉందన్నది మాత్రం గుంటూరు మిర్చి తెలియనివాళ్ల మాట. వానాకాలంలో నారు పోసి నాటే వేళకు నగలు బ్యాంకుకు వస్తాయి. కోతలై యార్డుకు బస్తాలు చేరాక, వేసవి ముందు, ఇంటికి వెళతాయి. కౌలు రైతుకు పట్టా పుస్తకం ఉండదు, పంట రుణం పుట్టదు. అతని భార్య మెడలో గొలుసే అతనికి పాస్‌పుస్తకం. ఏటా వెళ్లి వచ్చే ఆ గొలుసు చేసే చాకిరీ ముందు 1991 తర్వాత గడప దాటాల్సిన అవసరం రాని ప్రభుత్వ కడ్డీయే కదా ఖాళీగా కూర్చున్నది! ఉండనివ్వండి, దాని పని అదే. కానీ పేరు పెట్టేటప్పుడు తారుమారు చేయొద్దు.

ప్రభుత్వాలకు ఈ తారుమారు కొత్త కాదు. 1963 జనవరిలో, చైనా యుద్ధం మరుసటి నెలల్లో, ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. పద్నాలుగు క్యారట్లకు మించిన కొత్త నగ చేయకూడదు. ఢిల్లీ లెక్క ప్రకారం అది బ్రహ్మాండం: బంగారం తక్కువ పడుతుంది, దొంగ రవాణా తగ్గుతుంది, విదేశీ మారకం మిగులుతుంది. కుంపటి ముందు కూర్చున్నవాణ్ణి ఎవరూ అడగలేదు. వేలాది స్వర్ణకార కుటుంబాల పొయ్యి ఆరిపోయింది. 1966లో క్యారట్ల నిబంధన ఎత్తేశారు గానీ, 1968లో వచ్చిన బంగారు నియంత్రణ చట్టం పౌరుడి దగ్గర కడ్డీ ఉండటమే నేరం చేసింది. అదీ 1990లోనే రద్దయింది, 84 రూపాయల 39 పైసలు పోయిన ఏడాదే.

పద్నాలుగు క్యారట్లు ఎందుకు పనికిరాలేదో తెలియాలంటే పనివాడి చేతిలో చూడాలి. మొన్నామధ్య మా ఇంట్లో నాలుగు కాసుల పాత నాను (మెడలో వేసుకునే నగ) ఒకటి కరిగించి గొలుసు చేయించాల్సి వచ్చింది. వన్‌టౌన్ సందులో, మెట్లెక్కితే తల తగిలే మేడ మీద, మాకు తెలిసిన ఆచారిగారి పనిగది. ముందు నానును యంత్రంలో పెట్టి పరీక్ష చేయించారు. 88 శాతం. "పాతవాటిలో ప్రతి కడియకూ టంకం ఉంటుంది బాబూ. అన్ని టంకాలూ కలిసి మచ్చ, అంటే స్వచ్ఛత, దించుతాయి" అన్నారు. ఇరవై రెండు క్యారట్ల హాల్‌మార్కు కావాలంటే 916, అంటే 91.6 శాతం, రావాలి. మూడున్నర శాతమే కదా, చిటికెడు మేలిమి కలిపితే చాలదా అన్నాను. ఆయన కాగితం మీద లెక్క వేసి నా ముందుకు తోశారు. ముప్పై రెండు గ్రాముల నానును 88 నుంచి 91.6కు ఎత్తడానికి దాదాపు పద్నాలుగు గ్రాముల మేలిమి కలపాలి! నేను మళ్లీ వేశాను. అదే వచ్చింది. కలిపే మేలిమి 91.6 కన్నా ఎనిమిదిన్నర శాతమే మెరుగు మరి. లేదంటే శుద్ధి చేయాలి: మూడింతలు వెండి కలిపి కరిగించి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండీ రాగీ అందులో కరిగిపోయి, బంగారం గోధుమ రంగు పొడిగా అడుగున మిగులుతుంది. ఎర్రటి పొగ వస్తుంది, పక్కింటివాళ్లు తగువుకొస్తారు, కొంత తరుగు పోతుంది. మేలిమి కలపడానికే ఒప్పుకున్నాం. మా గొలుసు అనుకున్నదానికన్నా బరువైంది, నా జేబు తేలికైంది.

మూసలో కరిగి కడ్డీ పోసిన తర్వాత పనిని కళ్లారా చూశాను. రోలింగు యంత్రంలో సాగదీసి, కమ్మచ్చు అనే బెజ్జాల పలకలో ఒక బెజ్జం తర్వాత ఇంకా సన్నటి బెజ్జంలోంచి పటకారుతో లాగుతారు. నాలుగైదు బెజ్జాలు దాటేసరికి తీగ మొండికేస్తుంది. మళ్లీ మంట చూపించి ఎర్రగా కాల్చి చల్లారుస్తారు, మెత్తబడుతుంది, మళ్లీ లాగుడు. ఇరవై రెండు క్యారట్లది చెప్పినట్టు వింటుంది. పద్నాలుగు క్యారట్లది గట్టిది, కాల్చినప్పుడల్లా నల్లబడుతుంది, సన్నటి నగిషీకి లొంగదు. కొన్నవాడు మళ్లీ అమ్మబోతే విలువా రాదు. మేలిమి మరీ మెత్తన, దానితో గొలుసు చేస్తే కొక్కెం సాగిపోతుంది. ఆ తొంభై ఒకటి పాయింట్ ఆరు ఢిల్లీలో పుట్టిన అంకె కాదు, తరతరాలుగా కుంపటి దగ్గర తేలిన రాజీ. ఒళ్లో పరిచిన తోలులో రాలిన రజను ఆయన కుంచెతో దులిపి డబ్బాలో వేసుకున్నారు. గది ఊడ్చిన దుమ్ము కూడా పారేయరు. ఏడాదికోసారి దాన్ని కొని, కాల్చి కడిగి బంగారం తీసుకునేవాళ్లున్నారు. స్వర్ణకారుల నిజాయితీ మీద మన భాషలో ఉన్న సామెతలు కట్టినవాళ్లు ఈ తరుగు లెక్క ఒక్కసారైనా కూర్చుని చూసి ఉండరని నా గట్టి అనుమానం.

ఈ పనితనాన్ని లెక్కచేయకపోవడమే 2015 నాటి బంగారు నగదీకరణ పథకాన్నీ ముంచింది. నగ తెచ్చి ఇవ్వండి, కరిగించి వడ్డీ ఇస్తాం అన్నారు. నగ ఇచ్చినవాళ్లకు తిరిగొచ్చేది కడ్డీయో డబ్బో తప్ప అమ్మ మెడలోని నాను కాదు. పదేళ్లలో చేరింది ముప్పై టన్నుల పైచిలుకు. 2025 మార్చిలో అందులోని మధ్యకాలిక, దీర్ఘకాలిక డిపాజిట్లు ఆపేశారు.

అసలు తమాషా ఇంకోటి. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో కూడా పౌరులకు బ్యాంకులు అప్పు ఇవ్వాల్సింది నగల మీదే, కడ్డీల మీద కూడదు అని ఉంది. నాణేలైతే యాభై గ్రాముల దాకానే. రెండున్నర లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని, అయిదు లక్షల దాకా 80 అని, ఆపైన పాత 75 అని మార్చారు. తనకు కడ్డీలే నిల్వ, మనకు నగే తనఖా. రిజర్వు బ్యాంకుకు పనితనం మీద ప్రేమ పుట్టిందని కాదు. కడ్డీ మీద అప్పిస్తే ఆ డబ్బుతో మరో కడ్డీ కొనే జూదం మొదలవుతుందని దాని భయం. అయినా ఫలితం నాకు నచ్చింది. ధనత్రయోదశికి మజూరి దండగని బిస్కెట్ కొనుక్కునే మా వీధివాళ్లకు ఇది చెబుతూనే ఉంటాను: మజూరి మిగిలిన మాట నిజమే, పెరిగిన ధరకు అమ్ముకునే వీలూ ఉంది, కానీ ఆసుపత్రి ఖర్చు మీద పడిన రోజున దాన్ని పట్టుకుని బ్యాంకు కౌంటరుకు వెళ్లొద్దు. అప్రైజరు గీటురాయి కూడా బయటికి తీయడు.